మనోవైద్యమునకు వైద్యవిద్యార్థులు ఏల వెనుకాడుచున్నారు?

సింగరాయకొండ వంటి ఊరినుండి ఒక బిడ్డ వైద్యకళాశాలలో చేరినచో ఊరెల్ల సంతసించును. ఆ బిడ్డయే ఐదున్నరేండ్ల చదువు ముగించి, పైచదువునకు మనోవైద్యమును ఎన్నుకొందునన్నచో ఆ సంతసము చల్లబడును. “పిచ్చి డాక్టరువవుతావా నాయనా? గుండె డాక్టరు చదవరాదా?” అని పెద్దలే అందురు. పెండ్లి సంబంధముల మాటయు వెంటనే వచ్చును.

కళాశాలలోని స్థితియు ఇంతకంటె మెరుగు కాదు. ఎం.బి.బి.యస్. చదువులో మనోవైద్యమునకు ప్రత్యేక పరీక్ష లేదు. అది సామాన్య వైద్యశాస్త్రములో ఒక భాగము. పరీక్ష లేని పాఠమును శ్రద్ధగా చదువు విద్యార్థి ఏ కాలమందైనను అరుదే. మంచి ర్యాంకు వచ్చినవారు సామాన్య వైద్యము, ఎక్సురే, చర్మవ్యాధుల శాఖలను ముందు కోరుకొనుట పరిపాటి.

అన్నిటికంటె బలమైన కారణము వేరొకటి కలదు. విద్యార్థి ఆ వార్డులో గడుపునది కొన్ని వారములే. అప్పుడు కంటబడువారు వ్యాధి ముదిరి, కేకలు వేయుచు, బంధువులు పట్టుకొని తెచ్చినవారు. నయమై తిరిగి మిరపచేలోనికి పోయినవాడు అతనికి కనిపించడు. విరిగిన కాలు అతికినవాడు ఊరంతటికి నడచి చూపును. మనసు కుదుటపడినవాడు తాను మందు తినినట్లు ఎవ్వరికిని చెప్పడు. కనుక ఈ జబ్బు కుదురునది కాదని ఊరివలెనే విద్యార్థియు నమ్ముచున్నాడు.

ఈ నమ్మకము పాతకాలపుది. విశాఖపట్టణమున మానసిక చికిత్సాలయము 1871లో వెలసిన నాటికి ఈ జబ్బులకు చెప్పుకోదగిన మందు లేదు. 1952లో ఫ్రాన్సు దేశమున క్లోర్‌ప్రోమజైను అను మందు వాడుకలోనికి వచ్చిన పిదప చికిత్స మారిపోయినది. నేడు పెక్కుమంది రోగులు ఇంటనే యుండి, మందులు వాడుకొనుచు పనిపాటలు చేసికొనుచున్నారు.

వైద్యుల కొరత మాత్రము తీరలేదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో 12 రాష్ట్రములలో జరిపిన సర్వేలో, వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక వ్యాధి కలదని తేలినది. వ్యాధిని బట్టి రోగులలో నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్స పొందుటలేదు. సర్వే జరిగిన ఆ రాష్ట్రములలో కేరళ తప్ప తక్కిన దేనియందును నాడు లక్ష జనాభాకు ఒక మనోవైద్యుడైనను లేడు.

ప్రత్తి పోయి, అప్పు మిగిలి, పురుగుమందు డబ్బా వైపు చూచు రైతునకు ఈ కొరత ప్రాణాంతకము. ఆత్మహత్యకు యత్నించినవానికి చికిత్స, సంరక్షణ కల్పించుట 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము ప్రభుత్వ బాధ్యత. రోగిని గొలుసులతో బంధించుటను అదే చట్టము నిషేధించినది. ఊరిలో అట్టిది కనబడినచో పంచాయతీ సభ్యులు ఊరకుండరాదు. 2022 అక్టోబరునుండి 14416 అను ఉచిత టెలిఫోను నంబరు రాత్రింబవళ్ళు పనిచేయుచున్నది, తెలుగులోనే మాటలాడవచ్చును.

వైద్యము చదువు బిడ్డ సెలవులకు ఇంటికి వచ్చినపుడు, నయమైనవారెవరైన ఇష్టపడినచో, ఆ సంగతిని వారినే అతనికి చెప్పనిండు. వార్డులో అతడు చూడని భాగము అది.