వెళ్ళినవారు, మిగిలినవి: వివక్షిత వర్గాల విద్యాసంస్థలలో ప్రఖ్యాత నాయకుల నిష్క్రమణ

వ్యాససంగ్రహం:
వివక్షకు గురైన వర్గాల కోసం ఏర్పడిన విద్యాసంస్థకు పేరున్న వ్యక్తి ఒకరు వచ్చి, దానిని లోకం దృష్టికి తెచ్చి, ఆపై మరింత పెద్ద వేదికకు తరలిపోయినప్పుడు ఆ నిష్క్రమణను ఏ ప్రమాణంతో అంచనా కట్టాలన్నది ఈ వ్యాస విషయం. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల నుండి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2021లో వైదొలగడం ఇందులో ప్రధాన ఉదాహరణ. అమెరికాలో నల్లజాతీయుల విశ్వవిద్యాలయమైన జాక్సన్ స్టేట్‌ను ఫుట్‌బాల్ కోచ్ డియాన్ శాండర్స్ 2022లో వీడటం, హైదరాబాదు ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చివరిదాకా నగరంలోనే ఉండిపోవడం పోలికకు తీసుకోబడ్డాయి.

కీలకపదాలు: గురుకులాలు, స్వేరోస్, నిష్క్రమణ, ప్రాతినిధ్య భారం, జాక్సన్ స్టేట్, హైదరాబాదు ఫుట్‌బాల్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘వెళ్ళాడు’ అన్న మాటకూ ‘వెళ్ళిపోయాడు’ అన్న మాటకూ నడుమ ఉన్న దూరం వ్యాకరణానికి మాత్రమే సంబంధించినది కాదు. మొదటిది కదలికను చెబుతుంది. రెండవదానిలో ‘పోవు’ అనే సహాయక క్రియ చేరి, మిగిలిపోయినవారి వైపు నుండి ఆ కదలికను చూపిస్తుంది. ‘వదిలేసి వెళ్ళిపోయాడు’ అన్నప్పుడు వెళ్ళినవాని మీద ఒక నేరారోపణ కూడా చేరుతుంది. ఒక అధికారి బదిలీ అయితే సాధారణంగా మొదటి మాటే వినిపిస్తుంది. అణగారిన వర్గానికి చెందిన వ్యక్తి ఆ వర్గం సంస్థకు సారథ్యం వహించి తప్పుకొన్నప్పుడు మాత్రం మూడవ మాట ముందుకు వస్తుంది. ఈ తేడా ఎందుకు వస్తుందో తెలుసుకోవాలంటే, ఆ సంస్థలు ఏ పరిస్థితులలో పుట్టాయో, ఆ నాయకులు అక్కడ ఏ స్థానాన్ని ఆక్రమించారో చూడవలసి ఉంటుంది.

2. గురుకులాలు, ఒక పోలీసు అధికారి

1971లో నల్గొండ జిల్లా సర్వేలులో పి.వి. నరసింహారావు చొరవతో మొదలైన గురుకుల పాఠశాల తెలుగునాట ప్రభుత్వ ఆవాస విద్యకు నాంది. ప్రతిభ గల పేద పిల్లలను ఏరి చదివించే ఆ నమూనా 1980లలో షెడ్యూల్డు కులాల పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలుగా విస్తరించింది. వర్షాధార సేద్యం, వలసలు నిత్యజీవితంలో భాగమైన పశ్చిమ ప్రకాశం వంటి ప్రాంతాలలో ఆవాస విద్యకు ఉన్న విలువ వేరు. తల్లిదండ్రులు పనులు వెతుక్కుంటూ ఊరు విడిచినా పిల్లవాని చదువు ఒకే చోట నిలుస్తుంది. కురిచేడు, దొనకొండ, మార్కాపురం వైపు రైలెక్కి పనులకు పోయే కుటుంబాలను చూసినవారికి ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ సంస్థలకు 2012లో ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా వచ్చారు. అలంపురానికి చెందిన ఆయన దళిత కుటుంబం నుండి ఎదిగిన 1995 బ్యాచ్ ఐ.పి.ఎస్. అధికారి. ఇటువంటి పదవికి పోలీసు అధికారి రావడం అరుదు. తొమ్మిదేళ్ళు అందులోనే ఉండటం మరీ అరుదు. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగేదాకా కోస్తా, రాయలసీమ గురుకులాలు కూడా ఆ వ్యవస్థలోనివే. విభజన తరువాత ఆయన తెలంగాణ సంస్థలో కొనసాగారు. గిరిజన గురుకులాల బాధ్యతను కూడా చేపట్టారు.

విభజనకు వారం రోజుల ముందు, 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. భువనగిరి గుట్టపై శిక్షణతో మొదలైన ఆ ప్రయాణాన్ని నడిపించినవారు పర్వతారోహకులు శేఖర్ బాబు బాచినేపల్లి. 2017లో రాహుల్ బోస్ తీసిన ‘పూర్ణ’ చిత్రంలో దర్శకుడే ప్రవీణ్ కుమార్ పాత్రను ధరించారు. గురుకుల కార్యదర్శి ఒకరు సినిమా పాత్ర కావడం ఆ పదవి చరిత్రలో ఊహించని సంగతి.

అయితే శిఖరారోహణం కంటే లోతైన మార్పు పేరులో జరిగింది. ‘సోషల్ వెల్ఫేర్’ అన్న మాటల తొలి అక్షరాలకు ఆకాశాన్ని స్ఫురింపజేసే పదం జోడించి ‘స్వేరో’ అనే పేరు కల్పించారు. ‘హాస్టలు పిల్లలు’ అన్న పిలుపులో దాగిన చిన్నచూపును ఒక కొత్త మాటతో తుడిచే ప్రయత్నమిది. పూర్వవిద్యార్థుల సంఘటన, పదిసూత్రాల ప్రతిజ్ఞ, పరుగులు, పండుగలు ఆ పేరు చుట్టూ అల్లుకున్నాయి. సాహిత్య విద్యార్థులకు ఇది పరిచితమైన వ్యూహమే: పేరును మార్చుకోవడం దళిత సాహిత్యోద్యమం చేసిన తొలి పనులలో ఒకటి. మహిళా ఆవాస డిగ్రీ కళాశాలలు కూడా ఈ కాలంలోనే వచ్చాయి.

2021 జూలైలో ప్రవీణ్ కుమార్ స్వచ్ఛంద పదవీ విరమణ కోరారు. ఫూలే, అంబేద్కర్, కాన్షీరాం చూపిన బాటలో నడుస్తానని ప్రకటించి, ఆగస్టు 8న నల్గొండ సభలో బహుజన సమాజ్ పార్టీలో చేరారు.

3. జాక్సన్ స్టేట్ ఉదంతం

మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ స్టేట్ విశ్వవిద్యాలయం 1877లో పుట్టింది. తెల్లవారి విద్యాలయాల తలుపులు మూసి ఉన్న కాలంలో నల్లవారికోసం ఏర్పడిన కళాశాలలలో అదొకటి. దక్షిణాది శ్వేత విశ్వవిద్యాలయాలు ఆటలలో వర్ణవివక్షను పాటించినంతకాలం ఆ ప్రాంతపు నల్ల క్రీడాకారుల ప్రతిభ ఇటువంటి కళాశాలలలోనే వికసించింది. 1960ల చివర ఆ తలుపులు తెరుచుకోవడంతో ప్రతిభ డబ్బున్న చోటికి తరలింది. న్యాయం జరిగిన చోటనే నష్టమూ జరిగింది. ఈ వైరుధ్యాన్ని గమనించకపోతే తరువాతి కథ అర్థం కాదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో మహామహుడైన డియాన్ శాండర్స్ 2020 సెప్టెంబరులో ఇక్కడ కోచ్‌గా చేరారు. తన రాకను దైవపిలుపుగా చెప్పుకొన్నారు. 2021 డిసెంబరులో, దేశంలోనే అగ్రశ్రేణి యువ ఆటగాడిగా పేరొందిన ట్రావిస్ హంటర్ ఫ్లోరిడా స్టేట్‌ను కాదని జాక్సన్ స్టేట్‌ను ఎంచుకున్నాడు. మైదానాలు నిండాయి, టెలివిజన్ కెమెరాలు వచ్చాయి. ఒప్పందం ప్రకారం ఏడాదికి మూడు లక్షల డాలర్లు పొందే శాండర్స్, క్రీడాభవనం పనులు పూర్తి చేయడానికి తన జీతంలో సగం ఇస్తానన్నారు. 2022లో నగరంలో తాగునీటి వ్యవస్థ కుప్పకూలిన రోజులలోనూ ఆ జట్టు గెలుస్తూనే ఉంది.

2022 డిసెంబరు 3న సదరన్ విశ్వవిద్యాలయంపై 43–24తో లీగు కిరీటం గెలిచిన రోజునే, తాను కొలరాడో విశ్వవిద్యాలయానికి వెళుతున్నట్లు శాండర్స్ ఆటగాళ్ళకు చెప్పారు. కొత్త ఒప్పందం ఐదేళ్ళకు రెండు కోట్ల తొంభై ఐదు లక్షల డాలర్లు. అంతకు ముందు ఏడాదే నియమాలు మారి, ఆటగాళ్ళు ఒక ఏడాది ఆగకుండానే విశ్వవిద్యాలయం మారే వీలు కలిగింది. దానితో ఆయన కుమారుడు షెడూర్, హంటర్ కూడా వెంట నడిచారు. ‘అమ్ముడుపోయాడు’ అన్న అర్థం వచ్చే మాటను అక్కడి విమర్శకులు వాడారు. రాకను దైవాజ్ఞగా చెప్పుకొన్నవాని పోకను జనం జీతంతో తూచడంలో ఆశ్చర్యం లేదు. ఆ తూనికరాయిని ఆయనే వారి చేతికి ఇచ్చారు.

4. రెండు నిష్క్రమణలు ఒకటేనా?

పైపైన చూస్తే రెండూ ఒకటిగా కనిపిస్తాయి. కానీ శాండర్స్ తక్కువ జీతం నుండి ఎక్కువ జీతానికి వెళ్ళారు. ప్రవీణ్ కుమార్ ఇంకా మిగిలి ఉన్న ఉన్నతోద్యోగాన్ని వదులుకొని ఎన్నికలలోకి వెళ్ళారు. బహుజన సంప్రదాయంలో ఈ రెండవ రకపు నిష్క్రమణకు గౌరవప్రదమైన వంశవృక్షం ఉంది. కాన్షీరాం పుణేలోని ప్రభుత్వోద్యోగాన్ని విడిచినవారే. 1978లో ఆయన నిర్మించిన బామ్‌సెఫ్ ఉద్యోగులకు నేర్పిన తొలి పాఠం, చదువు ఇచ్చిన సమాజానికి తిరిగి చెల్లించడం. ఆ దృష్టిలో ఉద్యోగం మానడం చెల్లింపే తప్ప ఎగవేత కాదు. సంప్రదాయం ఈ గౌరవాన్ని ఇచ్చినా ఓట్లు ఇవ్వలేదు. 2023లో సిర్పూరులో ఆయన ఓడిపోయారు. 2024 మార్చిలో బి.ఎస్.పి.ని వీడి భారత రాష్ట్ర సమితిలో చేరి, నాగర్‌కర్నూలు లోక్‌సభ స్థానంలోనూ పరాజయం పొందారు. మొదటి నిష్క్రమణను త్యాగమన్నవారిలో కొందరికి ఈ రెండవది మింగుడుపడలేదు.

ఇక్కడ ఒక అన్యాయాన్ని పేర్కొనక తప్పదు. ఏ సంక్షేమశాఖ కార్యదర్శి అయినా రెండేళ్ళలో మరో శాఖకు మారితే విశ్వాసఘాతుకమని ఎవరూ అనరు. జీవితాంతం ఉండాలన్న షరతు అణగారిన వర్గం నుండి వచ్చినవానికే వర్తిస్తుంది. సంస్థకు రావలసిన నిధులు ఇవ్వని ప్రభుత్వాన్ని వదిలి, ఆ లోటును తన ఆయుష్షుతో పూడ్చలేదని ఒక వ్యక్తిని నిలదీయడం సరికాదు. అలాగని నాయకునికి బాధ్యత లేదనలేము. ఒక వ్యక్తి పేరు మీద సంస్థకు వచ్చిన వెలుగు, ఆ వ్యక్తితోపాటే కదులుతుంది. కాబట్టి అడగవలసింది ఎందుకు వెళ్ళారని కాదు, ఎవరికి ఏమి అప్పగించి వెళ్ళారని.

5. ఉండిపోయిన మనిషి

ఈ ప్రశ్నకు బలమైన ఆధారం హైదరాబాదులోనే దొరుకుతుంది. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుండి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. దేశానికి కోచ్ అయినా ఆయన హైదరాబాదును విడవలేదు. ఆటగాళ్ళు మాత్రం వెళ్ళారు. సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. తరువాతి తరంలో హబీబ్, నయీముద్దీన్ అదే దారి పట్టారు. 1963 జూన్ 11న రహీం క్యాన్సరుతో మరణించారు. ఆ తరువాతి దశాబ్దాలలో హైదరాబాదు ఫుట్‌బాల్ ఆ వైభవాన్ని తిరిగి చూడలేదు.

అంటే ఉండిపోవడం కూడా సంస్థను కాపాడలేదు. రహీం పద్ధతి ఆయన మనసులో, మైదానంలో ఉంది. దానిని కొనసాగించే జీతాలు, శిక్షణాలయాలు, వారసులు నగరంలో ఏర్పడలేదు. దీనికి ఎదురుగా జాక్సన్ స్టేట్ చేసింది చూడవచ్చు. శాండర్స్ స్థానంలో ఆ విశ్వవిద్యాలయం మరో తారను వెతకలేదు. అక్కడే చదివి, అక్కడే ఆడి, శాండర్స్ కింద సహాయకుడిగా పనిచేసిన టి.సి. టేలర్‌ను నియమించింది. 2024 డిసెంబరులో ఆ జట్టు సెలబ్రేషన్ బౌల్‌లో సౌత్ కరోలినా స్టేట్‌ను 28–7తో ఓడించింది. శాండర్స్ రెండుసార్లు ప్రయత్నించి అందుకోలేని విజయమది. కెమెరాలు కొలరాడోకు తరలినా ఆటస్థలం, వాద్యబృందం, పూర్వవిద్యార్థుల అభిమానం కదలలేదు.

గురుకులాల విషయంలో ఈ లెక్క ఇంకా తేలలేదు. 2021 తరువాత కార్యదర్శి పదవి మళ్ళీ ఐ.ఎ.ఎస్. అధికారుల చేతికి వెళ్ళింది. భవనాలు, మంజూరైన పోస్టులు, డిగ్రీ కళాశాలలు ఉత్తర్వుల రూపంలో మిగిలాయి. ‘స్వేరో’ అన్న పేరు మాత్రం పాఠశాలది కావాలో, నాయకునిది కావాలో తేల్చుకోలేని స్థితిలో పడింది. రాజకీయాలలో అడుగుపెట్టిన మనిషి పేరుతో ముడిపడిన ప్రతిజ్ఞను ప్రభుత్వ పాఠశాలలో చెప్పించడం ఏ అధికారికైనా ఇబ్బందే. 2014 వరకు ఒకే వ్యవస్థగా ఉండి, తరువాత ప్రవీణ్ కుమార్ లేకుండా నడిచిన ఆంధ్రప్రదేశ్ గురుకులాలు ఇక్కడ సహజమైన పోలికను అందిస్తాయి. దర్శి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల పూర్వవిద్యార్థుల ఆత్మకథనాలను తెలంగాణ స్వేరోల కథనాలతో పక్కపక్కన పెట్టి చదివే పనిని తెలుగు శాఖలు చేపట్టవచ్చు. ఒకే రకం బడిలో చదివినవారు తమను తాము ఏ పేరుతో పిలుచుకొంటున్నారన్నది అందులో తొలి ప్రశ్న అవుతుంది.

పూర్ణ ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలలో చివరిదైన డెనాలీని 2022 జూన్‌లో ఎక్కింది. అప్పటికి ఆమె గురుకులం విడిచి చాలా ఏళ్ళయింది. ఆమెను ఎవరెస్టుకు పంపిన కార్యదర్శి పదవి వీడి దాదాపు ఏడాదయింది.