ఐరిష్ పౌరుడితో పెళ్లి: పాస్‌పోర్టు ఎప్పుడు, ఎలా?

"డబ్లిన్ సంబంధం వచ్చిందండీ. అబ్బాయి ఐరిష్ సిటిజన్ అంటున్నారు. పెళ్లయితే మా అమ్మాయికి కూడా ఆ పాస్‌పోర్టు వచ్చేస్తుందా?" మా సంఘం ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. అబ్బాయి మనవాడే, ఇంజనీరుగా వెళ్లి అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడు. అసలు ఐరిష్ అల్లుడో, కోడలో వచ్చిన ఇళ్లు తక్కువ గాని, చట్టం అందరికీ ఒకటే.

జవాబు ఒక్క ముక్కలో: రాదు. పెళ్లి వల్ల పౌరసత్వం రాదు, దానికి కావలసిన నివాసకాలం మాత్రం తగ్గుతుంది. మామూలుగా అయిదేళ్ల నివాసం కావాలి, ఐరిష్ పౌరుడి భార్యకో భర్తకో మూడేళ్లు చాలు.

"పెళ్లయితే వచ్చేస్తుంది" అనే మాట పూర్తిగా గాలికబురు కాదు. 1956 నాటి ఐరిష్ చట్టం ప్రకారం ఐరిష్ పురుషుణ్ణి పెళ్లాడిన విదేశీ స్త్రీ ఒక ప్రకటన దాఖలు చేసి పౌరురాలు కావచ్చు. 1986లో దాన్ని స్త్రీపురుషులిద్దరికీ వర్తింపజేసి, పెళ్లయి మూడేళ్లు నిండాలన్నారు. 2002 నవంబరు 30 నుంచి ఆ దారి మూసేశారు. అంతకుముందు పెళ్లయినవారికి మరో మూడేళ్లు గడువిచ్చారు, అదీ ముగిసింది. పాత రోజుల్లో వెళ్లిన బంధువులు చెప్పేది వాళ్ల కాలానికి నిజమే, ఇప్పుడు చెల్లదు.

సంబంధం మాట్లాడేటప్పుడే ఒకటి కనుక్కోండి. అబ్బాయి నిజంగా పౌరుడా, లేక అతని చేతిలో ఉన్నది స్టాంప్ 4 అనే నివాస అనుమతా? రెండింటినీ కలిపి "అక్కడ సెటిలయ్యాడు" అనేస్తారు. స్టాంప్ 4 ఉన్నవాడి భార్యకు ఈ మూడేళ్ల దారి లేదు. అతను పౌరుడయ్యాకే అది తెరుచుకుంటుంది. పాస్‌పోర్టు చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదని మా అభిప్రాయం. జాతకం అడుగుతున్నాం కదా!

ఇక మూడేళ్ల లెక్క. దరఖాస్తు నాటికి పెళ్లయి మూడేళ్లు నిండాలి, ఇద్దరూ కలిసి కాపురం చేస్తూ ఉండాలి. ఐర్లండు ద్వీపంలో మూడేళ్లు నివసించి ఉండాలి. ఉత్తర ఐర్లండు నివాసం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. అందులో దరఖాస్తుకు ముందటి ఏడాది ఎడతెగకుండా ఉండాలి, మిగతా రెండేళ్లు దానికి ముందటి నాలుగేళ్లలో ఎప్పుడున్నా సరే. నడవడి మంచిదై ఉండాలి, ఇకముందూ అక్కడే ఉంటామని చెప్పాలి. అన్నీ సరిపోయినా ఇవ్వడం, ఇవ్వకపోవడం న్యాయశాఖ మంత్రి విచక్షణే. ఐరిష్ భర్తతో బెంగళూరులోనో దుబాయిలోనో పదేళ్లు కాపురం చేసినా ఆ కాలం లెక్కకు రాదు. ఐరిష్ ప్రభుత్వ ఉద్యోగం మీద బయట ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది.

మన అమ్మాయి ముందు ఇక్కడినుంచి దీర్ఘకాల వీసా తీసుకుని వెళ్లాలి. వెళ్లిన 90 రోజుల్లోపు పేరు నమోదు చేయించుకుంటే కార్డు ఇస్తారు. పౌరుడి భార్యగా ఆమెకు వచ్చేది స్టాంప్ 4, దానితో వేరే వర్క్ పర్మిట్ లేకుండా ఉద్యోగం చేయవచ్చు. ఈ కార్డు గడువు ముగిసి, కొత్తది రాయించుకోని రోజులు నివాసంలో కలవవు. చదువుకోవడానికి వెళ్లి స్టూడెంట్ అనుమతి మీద ఉన్న కాలమూ కలవదు. ఎమ్మెస్‌కు వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకున్న పిల్లలు ఎక్కువగా పొరపడేది ఈ చోటే.

చివరి ఏడాదిలో దేశం బయట 70 రోజులకు మించి ఉండకూడదు. అనారోగ్యం వంటి ప్రత్యేక కారణం చూపితే మరో 30 రోజుల వరకు ఒప్పుకోవచ్చు. ఇది మన ఇళ్లలో పురుడుకు అడ్డం వస్తుంది. ఏడో నెలలో పుట్టింటికి తీసుకొచ్చి, మూడో నెల దాటాక పంపితే అయిదారు నెలలు అవుతుంది. ఆ ఏడాది లెక్క చెడిపోయి, మళ్లీ మొదటినుంచి ఏడాది కూడబెట్టుకోవాలి. బిడ్డ సంగతి కూడా చూడండి. తండ్రి ఐరిష్ పౌరుడైతే అక్కడ పుట్టిన బిడ్డ పుట్టుకతోనే ఐరిష్. తండ్రి తర్వాత పౌరసత్వం తీసుకున్నవాడై, బిడ్డ ఇక్కడ పుడితే, విదేశీ జననాల రిజిస్టరులో నమోదు చేయిస్తేనే ఐరిష్ పౌరసత్వం, అదీ నమోదైన రోజునుంచి. పుట్టింట్లో పురుడు పోయవద్దని మేము అనడం లేదు. అమ్మమ్మ అక్కడికి వెళ్లడమా, అమ్మాయి ఇక్కడికి రావడమా అన్నది ఈ లెక్క చూసుకుని నిర్ణయించుకోండి.

కాగితాల దగ్గర మన ప్రవాసాంధ్రులకు ఒక అదనపు బాధ ఉంది. బళ్లారిలో జనన పత్రం కన్నడంలో, బరంపురంలో ఒడియాలో, షోలాపూరులో మరాఠీలో ఉంటుంది. ఇంగ్లీషు అనువాదం, ధ్రువీకరణ, విదేశాంగశాఖ అపోస్టిల్ ముద్ర ముందే చేయించి పెట్టుకోవడం మంచిది. పేరు మరీ చిక్కు. తమిళనాట బడి సర్టిఫికెట్లో తండ్రి పేరు పొడి అక్షరం, ఆధార్‌లో మన ఇంటిపేరు, పెళ్లయ్యాక పాస్‌పోర్టులో అత్తింటి పేరు. ఒకే మనిషి మూడు పేర్లతో కనిపిస్తే ఫైలు ఆగుతుంది. ఏళ్ల తరబడి ఫైళ్లు మోసిన అనుభవంతో చెబుతున్నాం, వీసాకు ముందే అన్నిట్లో ఒకే పేరు చేయించండి. ఇంటిపేరు మార్చడానికి తొందరపడకండి.

పెళ్లి రిజిస్ట్రేషను కూడా అంతే. వరుడు విదేశీ పౌరుడు కనుక ఏ చట్టం కింద రాస్తారో రిజిస్ట్రారును ముందే అడగండి. స్పెషల్ మ్యారేజ్ యాక్టు కిందైతే 30 రోజుల నోటీసు కాలం ఉంటుంది. రెండు వారాల సెలవు మీద వచ్చే పెళ్లికొడుక్కి అది కుదరదు.

దరఖాస్తు ఆన్‌లైనులో. రుసుము 175 యూరోలు, మంజూరైతే మరో 950 యూరోలు. భర్తనో భార్యనో పోగొట్టుకున్నవారికి ఈ రెండోది 200. కట్టేముందు ప్రభుత్వ వెబ్‌సైటు ఒకసారి చూసుకోండి. నివాస రుజువులకు ఏడాదికి 150 పాయింట్ల చొప్పున కావాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె ఒప్పందం, కరెంటు బిల్లుల మీద అమ్మాయి పేరు కూడా ఉండాలి. అన్నీ భర్త పేరునే నడిపే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. పోలీసు విచారణ అయ్యాక, కిల్లార్నీలోనో డబ్లిన్‌లోనో జరిగే సభలో ప్రమాణం చేయిస్తారు.

ఆ పౌరసత్వం పుచ్చుకున్న క్షణమే భారత పౌరసత్వం పోతుంది. ఐర్లండు రెండు పౌరసత్వాలకు ఒప్పుకుంటుంది, మన 1955 చట్టంలోని 9వ సెక్షను ఒప్పుకోదు. భారత పాస్‌పోర్టును రాయబార కార్యాలయంలో అప్పగించాలి, దానిమీద ఇక ప్రయాణం చేయకూడదు. కొత్త పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు చేతికొచ్చేలోపు ఇక్కడ ఇంట్లో ఏ కష్టం వచ్చినా వెంటనే విమానం ఎక్కడం కుదరకపోవచ్చు. పెద్దవాళ్ల ఆరోగ్యం బాగాలేని ఇళ్లవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. యానాం వారికి ఈ ఎంపిక కొత్తది కాదు. 1962లో ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవడమా, వదలడమా అని తేల్చుకోవడానికి వారికి ఆరు నెలలు ఇచ్చారు.

ఓసీఐతో రాకపోకలకు, ఇల్లు కొనుక్కోవడానికి ఇబ్బంది లేదు. ఓటు లేదు, ప్రభుత్వోద్యోగం లేదు, పొలం కొనడానికి లేదు. వారసత్వంగా వచ్చే పొలానికి అడ్డు లేదు, దానపత్రంతో ఇచ్చేదానికి ఉంది. పసుపుకుంకుమల కింద ఎకరమో అరెకరమో రాసివ్వాలనుకునే తండ్రులు గమనించాలి. అమ్మాయి విదేశంలో స్థిరపడ్డాక, ఇంకా భారత పాస్‌పోర్టు ఉన్నా సరే, పొలం దానంగా ఇవ్వడానికి లేదు. ఇచ్చేదేదో ప్రయాణానికి ముందే తేల్చండి.

అసలు పౌరసత్వం తీసుకోవాలని నిర్బంధమేమీ లేదు. స్టాంప్ 4 మీదే భారతీయురాలిగా ఉండిపోవచ్చు, అక్కడి స్థానిక ఎన్నికల్లో ఓటు కూడా వేయవచ్చు. ఐరిష్ పాస్‌పోర్టు వస్తే యూరోపియన్ యూనియన్ దేశాల్లోనూ, బ్రిటన్‌లోనూ ఉండి పనిచేసుకునే హక్కు వస్తుంది. ఏది కావాలో అమ్మాయి చెప్పాలి, మనం కాదు.

కాపురంలో తేడా వస్తే ఏమిటని కొందరు తల్లులు మెల్లగా అడుగుతారు, అడగాల్సిందే. పౌరసత్వం సక్రమంగా వచ్చాక విడాకులైనంత మాత్రాన పోదు. దానికి ముందైతే ఆమె అనుమతి ఆ పెళ్లి మీదే నిలబడి ఉంటుంది, ఈ మూడేళ్ల దారి మూసుకుపోతుంది. ఇంట్లో హింస భరిస్తున్న స్త్రీకి మాత్రం భర్తతో సంబంధం లేకుండా సొంత అనుమతి అడిగే వీలు ఐరిష్ ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో ఉంది. పాస్‌పోర్టు, నివాస కార్డు అమ్మాయి దగ్గరే ఉండాలి. అన్నిటి నకళ్లు ఒక సెట్టు పుట్టింట్లో ఉంచండి.