గులాబి ద్రాక్ష, దాని మస్కట్ బంధువులు, తీపి వైన్లు

తీపి అన్ని ద్రాక్షలకును గలదు. పన్నీటి వాసన మాత్రము కొన్ని రకములకే గలదు. చిన్నదిగా, గుండ్రముగా, ముదురు ఊదారంగులో నుండి, నోట వేసికొనగానే గులాబిపువ్వును తలపించు పండు తిన్నచో అది గులాబి ద్రాక్ష అని తెలిసికొనవచ్చును. తమిళనాడులో దీనినే పన్నీర్ ద్రాక్ష అందురు. తేని జిల్లాలోని కంబం లోయలో ఇది విస్తారముగా పండును (ఇది మన మార్కాపురము దగ్గరి కంభము కాదు). కంబం పన్నీర్ ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతులు కొందరు "గులాబి వేయవచ్చునా? దీనితో వైను చేయుదురట గదా?" అని అడుగుచున్నారు. వేయవచ్చును. కాని పందిరికి రాళ్లు దింపుటకు ముందు కొంత లెక్క చూచుకొనవలెను.

గులాబికి పాశ్చాత్య దేశములలో మస్కట్ హాంబర్గ్ అని పేరు. ఇది మస్కట్ అను పెద్ద కుటుంబములోనిది. కస్తూరిని తలపించు వాసన వలన ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. ఈ కుటుంబమునకు పెద్దదిక్కు చిన్న పండ్ల తెల్ల మస్కట్. దాని సంతతియే మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా. స్పెయిన్ దేశపు మలాగా ఎండుద్రాక్ష దీని నుండియే వచ్చును. ఈ అలెగ్జాండ్రియాకు, నల్లని స్కియావా గ్రోస్సా రకమునకు పుట్టిన బిడ్డ మన గులాబి.

ఇక లెక్క చూడుడు. గులాబి హెక్టారుకు సగటున 10 నుండి 12 టన్నులు కాయును. అనాబెషాహి 35 టన్నుల వరకు ఇచ్చును. అనగా ఎకరమునకు గులాబి 4 నుండి 5 టన్నులు, అనాబెషాహి 14 టన్నులు. "గులాబి ఎక్కువ తీపి గదా" అందురేమో. నిజమే, గులాబి రసములో 18 నుండి 20 బ్రిక్సు, అనాబెషాహిలో 14 నుండి 16 బ్రిక్సు ఉండును. అయినను ఎకరమునకు వచ్చు మొత్తము తీపిని లెక్కించినచో గులాబిది టన్నుకు తక్కువ, అనాబెషాహిది రెండు టన్నులు. తూకములోను ఓటమియే, తీపిలోను ఓటమియే. గులాబికి మిగిలినది వాసన ఒక్కటే. ఆ వాసనకు మూడింతల ధర ఇచ్చువాడు ఉన్నప్పుడే ఈ పంట గిట్టును. అట్టివాడు ఎవరు?

పండ్ల అంగడి కొంతవరకు ఇచ్చును. కాని గులాబి కోసిన తరువాత ఎక్కువ దినములు నిలువదు, దూరప్రయాణమునకు పనికిరాదు. విత్తనము లేని పండు అలవాటైన పట్టణవాసులు గింజలున్న పండును వెదకి కొనుట తక్కువ. కనుక అసలు గిరాకి రసము, వైను చేయువారి నుండి రావలెను. ఇతర దేశములలో మస్కట్‌కు గౌరవము వచ్చినది కూడ తీపి వైన్ల వలననే.

ద్రాక్షరసములో ఈస్టు చేరినప్పుడు చక్కెర సారాగా మారును. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఖర్చయినచో నూటికి 1 పాలు సారా వచ్చును. చక్కెర అంతయు మారినచో తీపి మిగులదు. తీపి మిగులవలెనన్న మధ్యలో ఆపవలెను, లేదా మొదటనే చక్కెరను పెంచవలెను. ఫ్రాన్సులోని రివసాల్త్, బోమ్-ద-వెనీజ్ అను చోట్ల పులియుచున్న రసములో ద్రాక్షసారా పోసి ఈస్టును ఆపుదురు. అక్కడ రసములో మొదట లీటరుకు 252 గ్రాములకు తక్కువ కాకుండ చక్కెర ఉండవలెనని నిబంధన గలదు. ఇటలీలోని పాంటెలేరియా దీవిలో పండ్లను ఎండలో వాడబెట్టి రసము పిండుదురు. ఆస్తి ప్రాంతములో చల్లబరచి ఆపుదురు. అది నురుగుతో, తక్కువ సారాతో ఉండును. దక్షిణాఫ్రికా కాన్‌స్టాన్షియా వైనును సెయింట్ హెలీనా దీవిలో బందీగా నున్న నెపోలియను తెప్పించుకొనెడివాడు.

మన పక్కనే కర్ణాటకలో 2007లో ద్రాక్ష, వైను విధానము వచ్చినది. నందికొండల చుట్టుపక్కల వైను తోటలు గలవు. కాని ఆ కర్మాగారములు ఎక్కువగా ఫ్రెంచి రకములను కోరును. చవకైన తీపి వైన్లకు బెంగళూరు బ్లూ వాడుదురు. అందుచేత "వైను ఫ్యాక్టరీ దగ్గరలో ఉన్నది" అను మాట ఒక్కటి విని గులాబి నాటరాదు. ఏ రకము, ఎన్ని బ్రిక్సు, ఏ ధర, ఎవరి లారి అను నాలుగు మాటలు కాగితముపై పడిన తరువాతనే నాటుడు. హేసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ అనాబెషాహిని, మస్కట్ వాసన గల క్వీన్ ఆఫ్ వైన్‌యార్డ్స్ అను రకమును కలిపి అర్క సోమ అను తెల్ల ద్రాక్షను తయారుచేసినది. తెల్లని తీపి వైనుకు ఇది తగినది. నా అభిప్రాయములో కొనువారితో మాట్లాడునప్పుడు ఈ పేరును కూడ ఎత్తుట మంచిది.

ఇంట పీపాలో పులియబెట్టి అమ్ముదమను ఆలోచన మాత్రము వలదు. ఆబ్కారీ లైసెన్సు లేకుండ వైను చేసి అమ్ముట నేరము.

హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 2,000 అడుగుల ఎత్తున గలదు. ధర్మవరము 1,100 అడుగులకు కొంచెము పైన. ఈ తేడా చిన్నది కాదు. వేడి హెచ్చైన చోట పులుపు త్వరగా పడిపోవును, సువాసన కూడ తగ్గును. కనుక గులాబికి హిందూపురము వైపు భూములే మేలు. ధర్మవరము వైపు బోరునీటిలో ఉప్పు ఎక్కువగా ఉన్నచో సొంతవేరు తీగ నాటరాదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో డాగ్‌రిడ్జ్ వేరుమొక్కను నాటి, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో దానిపై అంటు కట్టుడు. నాటుటకు ముందే నీటిని పరీక్ష చేయించుడు.

గులాబి పండు పగులదు గాని బూజు తెగులుకు, త్రుప్పు తెగులుకు లొంగును. మన వానలలో అధికభాగము సెప్టెంబరు, అక్టోబరులలో పడును. ఆ వానలు తగ్గిన తరువాత కత్తిరించినచో గెలలు పొడి దినములలో ముదురును, ఫిబ్రవరి, మార్చి నాటికి కోతకు వచ్చును. కోతలో తొందర పనికిరాదు. వాసన ద్రవ్యములలో అధికభాగము తోలులోను, తోలును అంటిన గుజ్జులోను ఉండును. వాటిలో చాలవరకు చక్కెరతో కట్టుబడి వాసన తెలియకుండ దాగి యుండును. పండు ముదిరినకొలది సువాసన పెరుగును. ద్రాక్ష కోసిన తరువాత మాగదు. రంగు వచ్చినదని కోసినచో నల్లని పండు దక్కును గాని వాసన దక్కదు. గెల పైన, నడుమ, కొనన ఒక్కొక్క పండు తీసి రసమును బ్రిక్సు మీటరులో చూడుడు. 18కి తగ్గినచో ఆగుడు. తరువాత తోలును నమలి చూడుడు. ఈ రెండవ పరీక్షకు ఖర్చు లేదు.

ఇంకొక మాట. హిందూపురము, ధర్మవరము చుట్టుపక్కల మల్బరి తోటలు ఎక్కువ. ద్రాక్షపై చల్లిన పురుగుమందు గాలికి మల్బరి ఆకుపై పడినచో ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చచ్చును. మీ పందిరి పక్క చేను మల్బరి అయినచో మందు చల్లు దినమును ముందుగా ఆ రైతుకు తెలుపుడు, గాలి లేని ఉదయమున చల్లుడు, నడుమ అవిసె చెట్లను వరుసగా పెంచుడు. మందు చల్లుటకు ముందే పొరుగురైతు ఆకు కోసికొని పోవుటకు వ్యవధి ఇండు.