ట్రాక్టరు బ్యాటరీ: కొనేముందు కొలవండి



ఉరవకొండ మిట్టల్లో సేద్యం చేసే మనకు వాన విలువ ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాలు మొత్తానికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ముంగారు వాన పడినా ఎర్రనేలలో పదును రెండు మూడు దినాలకు మించి నిలవదు. ఆ రెండు మూడు దినాల్లోనే వేరుశెనగ విత్తనం భూమిలో పడాలి. అటువంటి దినాన, తెల్లవారి ట్రాక్టరు తాళం తిప్పితే 'టక్' మని ఒక్క శబ్దం చేసి వూరుకుంటే ఏం చేయాలి? ఈ సంగతే ఈనాడు ముచ్చటించుకుందాము.

ఒకసారి పదునునాడు ఒక పల్లెకు పోయినాను. ఊరంతా గొర్లు కట్టి విత్తుతున్నారు. ఒక రైతు మాత్రం తన టర్బో ట్రాక్టరు పక్కన చేతులు కట్టుకొని నిలబడి వున్నాడు.

"ఏమన్నా, ఇంకా విత్తనం మొదలు పెట్టలేదా?" అన్నాను.

"ఎట్ల పెట్టేది సారూ? బండి కదల్లేదు. పోయిన యేడు ఒక బ్యాటరీ కొంటిని. ఈ యేడు ఇంకొకటి కొంటిని. ఇదీ చచ్చె. టర్బో బండ్లు బ్యాటరీని తింటాయంట, నిజమేనా?"

నిజం కాదు. టర్బోకు కరెంటుతో పని లేదు. ఇంజను వదిలే పొగ వేగానికి ఒక చక్రం తిరుగుతుంది. ఆ చక్రం ఇరుసుకే వున్న రెండవ చక్రం ఇంజనుకు గాలిని ఎక్కువగా కూరుతుంది. అంతే. మరి రెండు బ్యాటరీలు ఎందుకు పోయినాయి? అది కనుక్కోవాలంటే అంచనాలు పనికిరావు, కొలవాలి.

కొలిచే సాధనం మల్టీమీటరు. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలును. దానిని డి.సి. 20 వోల్టుల గుర్తు దగ్గర పెట్టి, ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల తీగ మైనస్ మీద ఆనించాలి. మూడు సమయాల్లో మూడు అంకెలు చూచి, కాగితం మీద రాసుకోవాలి.

మొదటి అంకె: బండి నిద్రలో వున్నప్పుడు. తెల్లవారి తాళం తిప్పకముందే కొలవండి. మన బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెం పైన ఇస్తుంది. కనుక 12.6 వోల్టులు గానీ, ఆపైన గానీ వుంటే బ్యాటరీ నిండుగా వున్నట్లు. 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్లే లెక్క. బండి ఆపిన వెంటనే కొలిస్తే అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. అప్పుడు రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి, ఆర్పి, కొంచెం సేపు ఆగి కొలవండి.

రెండవ అంకె: సెల్ఫు కొట్టేటప్పుడు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, బండి ముందర ఎవరూ లేకుండా చూచి, ఒకరు సెల్ఫు కొట్టగా ఇంకొకరు మీటరు చూడాలి. బాగున్న బ్యాటరీ 9.6 వోల్టులకు దిగువకు పడిపోదు. నిండుగా వున్న బ్యాటరీ కూడా ఇక్కడ 8కో 7కో కూలిపోతే దాని ఆయువు తీరినట్లు అనుమానించవచ్చును. కానీ అంకె 11.5 పైనే నిలబడి, సెల్ఫు 'టక్' మని మాత్రమే అంటే తప్పు బ్యాటరీది కాదు. కరెంటు సెల్ఫు మోటారుకు చేరడం లేదన్నమాట. దారిలో ఎక్కడో అడ్డు వున్నది.

మూడవ అంకె: ఇంజను నడిచేటప్పుడు. ఇంజనును మధ్యరకం వేగంలో పెట్టి కొలవండి. 13.8 నుండి 14.5 దాకా వుంటే ఛార్జింగు సరిగా వున్నది. 13.2 కూడా దాటకపోతే బ్యాటరీకి తిండి చాలడం లేదు. 15 దాటితే రెగ్యులేటరు చెడి, ఎక్కువ తిండి పెడుతున్నది. అప్పుడు బ్యాటరీ నీళ్లు ఉడికి ఆవిరైపోతాయి.

ఆ రైతు బండికి మొదటి అంకె 12.1 వచ్చింది. కొత్త బ్యాటరీ సగం కూడా నిండలేదు. సెల్ఫు కొట్టితే అంకె 11.5 దగ్గరే నిలిచి 'టక్' మన్నది. పక్క రైతు ట్రాక్టరు తెప్పించి జంపరు వైర్లు తగిలించినాము. మైనస్ వైరును బ్యాటరీకి కాక నేరుగా ఇంజను ఇనుముకు పట్టించగానే బండి ఒక్క దెబ్బకు స్టార్టయింది. జంపరు తీసి కొలిస్తే, ఆల్టర్నేటరు దగ్గర 14.2, బ్యాటరీ దగ్గర 12.9. మరి మధ్యలో వున్న 1.3 వోల్టులు ఏమైనాయి?

మీటరు ఒక తీగను బ్యాటరీ మైనస్ మీద, రెండవదానిని ఇంజను ఇనుము మీద పెట్టినాము. 1.1 వోల్టు చూపించింది. అక్కడ 0.2, 0.3 కంటే ఎక్కువ వుండకూడదు. దొంగ దొరికినాడు! ఎర్తు వైరు బిగించిన బోల్టు కింద తుప్పు, దాని మీద దుమ్ము. విప్పి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, గ్రీజు పూసినాము. బ్యాటరీ దగ్గర 14.1 వచ్చింది. ఖర్చు ఏమీ లేదు. రెండవ బ్యాటరీని బయట ఛార్జి చేయించితే కోలుకున్నది. మొదటిది మాత్రం అప్పటికే పాత ఇనుము లెక్కలో పోయింది. ఆ దినం సగం పొలానికి బాడుగ ట్రాక్టరు పెట్టుకున్న డబ్బూ తిరిగి రాలేదు.

కనుక కొలతకు ముందు కంటితో చూడవలసినవి కొన్ని వున్నాయి. టెర్మినళ్ల మీద తెల్లని, పచ్చని బూజు పట్టిందా? వేడినీళ్లతో, వంటసోడాతో కడగండి. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. ఇంకా దిగితే వదులు, జారిపోతుంది. తాళం తిప్పగానే డాష్ మీద బ్యాటరీ దీపం వెలగాలి, ఇంజను నడవగానే ఆరాలి. మొదట వెలగనే వెలగకపోతే ఆ బల్బును, దాని వైరును చూడండి. చాలా ఆల్టర్నేటర్లకు తొలి కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. పది రూపాయల బల్బు మాడినా ఛార్జింగు నిలిచిపోవచ్చును.

అదనంగా తగిలించిన దీపాల లెక్క కూడా చూచుకోవాలి. 55 వాట్ల దీపాలు నాలుగు పెడితే 220 వాట్లు. 12తో భాగిస్తే 18 ఆంపియర్లు. పాటల పెట్టె వుంటే ఇంకా కలపండి. ఆల్టర్నేటరు మీద రాసిన ఆంపియర్లు పూర్తి వేగంలో వచ్చేవి. నిదానంగా నడిచేటప్పుడు అంత రాదు. రాత్రంతా నిదానంగా పని చేస్తే, తెల్లవారి బ్యాటరీ ఖాళీ కావడంలో వింత లేదు.

టర్బో బండ్ల వారికి ప్రత్యేకంగా రెండు మాటలు. టర్బో చుట్టూ వేడి అధికం. దాని పక్కగా వైరు పోతే పైతొడుగు కరిగి షార్టవుతుంది. వైర్లను దూరంగా కట్టండి. బ్యాటరీ బలహీనమని బండిని తోసి, స్టార్టు కాగానే యాక్సిలరేటరు పూర్తిగా తొక్కడం కొందరికి అలవాటు. టర్బో బేరింగులకు ఆయిల్ చేరకముందే అట్లా చేస్తే, బ్యాటరీ కంటే ఎన్నో రెట్లు ఖరీదైన టర్బో పోతుంది. స్టార్టయిన తర్వాతా, ఆపే ముందరా రెండు మూడు నిమిషాలు నిదానంగా నడపండి. 50 హార్స్‌పవరు దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి కొత్త పొగ నిబంధనలు వచ్చినాయి. ఈ కొత్త బండ్లలో డీజిలును కంప్యూటరు పెట్టె నడిపిస్తుంది. వోల్టేజి తగ్గితే ఆ పెట్టె లేనిపోని తప్పులు కూడా చూపించవచ్చును. ముందు బ్యాటరీ కొలిచి, తర్వాతనే మిగతావి విప్పించండి.

చేయకూడనివి కూడా చెబుతాను. ఇంజను నడుస్తూ వుండగా బ్యాటరీ వైరు పీకి ఛార్జింగు పరీక్షించవద్దు. అది పాత డైనమోల కాలపు పద్ధతి. ఆల్టర్నేటరులోని డయోడ్లు మాడిపోతాయి. బండికి వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ వైర్లు విప్పించండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, తగిలించేటప్పుడు మైనస్ చివర. బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించవద్దు. ఛార్జి అయ్యేటప్పుడు వచ్చే వాయువు పేలుతుంది. మన బోరునీళ్లలో ఉప్పులు అధికం, అవి పలకలను పాడుచేస్తాయి. డిస్టిల్డు వాటరు మాత్రమే పోయండి. యాసిడ్ కంట్లో పడితే పావుగంట సేపు మంచినీళ్లతో కడిగి వెంటనే డాక్టరు వద్దకు పోవాలి.

ఆఖరు మాట. పప్పుశనగ నూర్పిడి అయినాక బండి నెలల తరబడి ఎండలో నిలబడుతుంది. వేడి పెరిగేకొద్దీ బ్యాటరీ తనంతట తానే త్వరగా ఖాళీ అవుతుంది. ఖాళీగా వుంటే లోపలి పలకల మీద గట్టి తెల్లని పొర కట్టి, మళ్లీ ఛార్జి పట్టదు. కాబట్టి మైనస్ వైరు విప్పి బండిని నీడలో పెట్టండి. నెలకొకసారి ఛార్జి చేయించండి. రోహిణి కార్తెలోనే మూడు అంకెలు కొలిచి రాసుకోండి. తప్పు కనబడితే ఆ కాగితమే మెకానిక్కుకు చూపించండి. యంత్రాల పని నేర్చుకోవాలనే కుర్రవాళ్లకు మన జిల్లాలోనే, గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ వున్నది.

పదును మన కోసం ఆగదు. వాన పడకముందే బండిని సిద్ధం చేసుకుందాము. ఇక సెలవు.