ఉప్పు ఊళ్లో మంచు

అమ్మడూ, నువ్వు పైచదువుకి వెళ్లబోయే సిరక్యూస్ పెద్ద నగరమేం కాదు. జనాభా లక్షన్నర లోపే. న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్నా ఆ మహానగరానికి చాలా దూరంగా, ఒంటారియో సరస్సుకి దక్షిణాన ఉంటుంది. శీతాకాలం మొత్తంలో అక్కడ కురిసే మంచుని కొలిచి కూడితే సగటున 10 అడుగులు దాటుతుంది. అంత మంచులో ఊరు ఎలా నడుస్తుందని అడిగావుగా. ముందు ఆ మంచు ఎక్కడిదో తెలియాలి.

మన నెల్లూరుకి కార్తీకంలో వానలు ఎలా వస్తాయి? ఈశాన్యం నుంచి బయల్దేరిన పొడిగాలి బంగాళాఖాతం మీదుగా వస్తూ తేమ పీల్చుకుని, ఒడ్డుకి చేరగానే కుమ్మరిస్తుంది. సిరక్యూస్‌లో జరిగేదీ అదే, చలి మాత్రం బాగా ఎక్కువ. కెనడా వైపు నుంచి గడ్డకట్టించే గాలి వస్తుంది. సరస్సు నీళ్లు వేసవిలో దాచుకున్న వేడిని ఇంకా పూర్తిగా వదిలి ఉండవు. నీటి పైభాగానికీ, కిలోమీటరున్నర ఎత్తులోని గాలికీ మధ్య సుమారు 13 డిగ్రీల సెల్సియస్ తేడా వచ్చిందంటే, కిందిగాలి వేడెక్కి, తడిసి, పైకి లేచి మేఘమవుతుంది. అవతలి ఒడ్డున మంచై రాలుతుంది. అక్కడివాళ్లు దీన్నే లేక్ ఎఫెక్ట్ అంటారు. ఈ మేఘాలు సన్నటి పట్టీల్లా సాగుతాయి. ఒక పేటలో రెండడుగులు పడుతుంటే కాస్త దూరంలో ఇంకో పేటలో ఎండ కాస్తుండొచ్చు.

ఇందులో సరస్సు లోతుది పెద్ద పాత్ర. పక్కనున్న ఈరీ సరస్సు సగటు లోతు 19 మీటర్లే. చాలా ఏళ్లలో దాని పైభాగం ఎక్కువ మేర గడ్డకట్టేస్తుంది, ఇక గాలికి తేమ అందదు. ఒంటారియో సగటు లోతు 86 మీటర్లు. అంత నీరు ఒక్క చలికాలంలో చల్లబడి గడ్డకట్టడం కష్టం. అందుకే సిరక్యూస్‌కి ఫిబ్రవరిలోనూ మంచు తప్పదు.

విసిగిపోయిన నగర కౌన్సిల్ 1992 మార్చి చివర్లో ఓ తీర్మానం చేసింది: డిసెంబరు 24 దాకా ఊళ్లో మంచు పడటం చట్టవిరుద్ధం అని! ఆ తర్వాతి శీతాకాలంలో 192 అంగుళాలు, అంటే 16 అడుగులు కురిసింది. 1993 మార్చి తుపాను ఒక్కటే దాదాపు 43 అంగుళాలు పోసింది. నాకా తీర్మానం చేసినవాళ్లంటే ఇష్టం. నెలల తరబడి పార పట్టినవాళ్ల అలసట అందులో ఉంది.

ఇక అసలు సంగతి. కురిసిన మంచుని ఏం చెయ్యాలి? కరిగించేస్తే పోతుందిగా అనిపిస్తుంది. ఒక లెక్క వేద్దాం, కాగితం తీసుకో. కిలోమీటరు పొడవు, 7 మీటర్ల వెడల్పు ఉన్న రోడ్డు మీద 30 సెంటీమీటర్ల మంచు పడిందనుకో. అది 2,100 ఘనపు మీటర్లు. కొత్తగా పడ్డ మంచు గుల్లగా ఉంటుంది కనక ఘనపు మీటరుకి 100 కిలోలు వేసుకుందాం. మొత్తం 210 టన్నులు. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచుని నీరు చెయ్యాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. హెచ్చించి చూడు, దాదాపు 20,000 యూనిట్ల కరెంటు! నెలకి 200 యూనిట్లు వాడే ఇంటికి ఎనిమిదేళ్లకి పైగా సరిపోతుంది. ఒక్క కిలోమీటరుకి, ఒక్కసారికి. అందుకే ఏ ఊరూ తన మంచునంతా కరిగించలేదు, పక్కకి తోస్తుంది. తోయడానికి వీల్లేని చోటే కరిగించాలి. మీ యూనివర్సిటీ స్టేడియం కప్పు 1980 నుంచి 2020 దాకా లోపలి గాలి ఒత్తిడితో నిలబడ్డ బట్ట కప్పు. దానిమీద మంచు పేరుకుంటే లోపల వేడి పెంచి కరిగించేవాళ్లు. 2020లో దాన్ని తీసేసి ఉక్కు దూలాలు మోసే కప్పు వేశారు.

మరి రోడ్డు మీద ఉప్పెందుకు చల్లుతారు? చాలామంది ఇక్కడే పొరబడతారు. ఉప్పు పని మంచునంతా నీరు చెయ్యడం కాదు. మంచు రోడ్డుని కరిచిపట్టుకోకుండా చూడటం. మంచు పైన ఎప్పుడూ కొన్ని నీటి అణువులు విడిపోతూ, కొన్ని తిరిగి అతుక్కుంటూ ఉంటాయి. ఆ పల్చటి తడిలో ఉప్పు కరిగితే, దాని అయాన్లు అడ్డుపడి తిరిగి అతుక్కునే అణువుల సంఖ్య తగ్గిపోతుంది. విడిపోయేవి ఎక్కువై మంచు కరుగుతుంది. అడుగున అలా సన్నటి ఉప్పునీటి పొర ఏర్పడితే చాలు, ట్రక్కు ముందున్న ఉక్కు పలక మొత్తం మంచుని పెళ్లగించుకుపోతుంది.

దీనికీ హద్దుంది. సున్నాకి ఒక డిగ్రీ కింద కిలో ఉప్పు 46 కిలోల దాకా ఐస్‌ని కరిగించగలదు. మైనస్ 9 దగ్గర 6 కిలోలతో సరి. ఇంకా చలి పెరిగితే మామూలు ఉప్పుతో లాభం లేదు, కాల్షియం క్లోరైడో మెగ్నీషియం క్లోరైడో కలపాలి. తెలివైన పద్ధతేమిటంటే, మంచు పడకముందే 23 శాతం ఉప్పునీటిని రోడ్డు మీద చారలుగా చల్లి ఉంచడం. పొడి ఉప్పయితే ఎగిరి పక్కకి పోతుంది, ఇది అంటుకునుంటుంది. తక్కువ ఉప్పుతో పని జరుగుతుంది.

సిరక్యూస్‌ని ఉప్పు నగరం అనే పిలుస్తారు తెలుసా? అది ఒనొండాగా అనే ఆదివాసుల నేల. అక్కడి ఒనొండాగా సరస్సు ఒడ్డున ఉప్పునీటి ఊటలుండేవి. ఆ నీటిని కాచి ఉప్పు తీస్తూ, 1825లో ఈరీ కాలువ పూర్తయ్యాక పడవల్లో దూరాలకు పంపుతూ ఊరు ఎదిగింది. ఇప్పుడు రోడ్ల మీద చల్లే ఉప్పు మాత్రం మాయమైపోదు, అమ్మడూ. మంచు కరిగాక వాగుల్లోకి, బావుల్లోకి, చెరువుల్లోకి చేరుతుంది. క్లోరైడుని ఏ సూక్ష్మజీవీ తిని అరిగించుకోలేదు. ఉప్పునీరు బరువెక్కువ కనక చెరువు అడుగుకి దిగి, పైనీటితో కలవకుండా ఉండిపోతుంది. అడుగునున్న జీవాలకి ఆక్సిజన్ అందడం తగ్గుతుంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. చేటతో పొయ్యాల్సిన పని లేదు, నీ గుమ్మం ముందు వేసేటప్పుడు గుప్పెడుతో సరిపెట్టు.

ట్రక్కులు ఎన్నున్నా వీధిలో రెండు పక్కలా కార్లు ఆపి ఉంటే పలక దూరదు. అందుకే అక్కడ ఒకరోజు సరి నంబరు ఇళ్ల వైపు, మర్నాడు బేసి నంబరు ఇళ్ల వైపు కారు ఆపాలని నియమం. సాయంత్రం ఆరింటికి పక్క మార్చాలి. ఇంటి ముందు కాలిబాట శుభ్రం చెయ్యడం ఇంటివాళ్ల బాధ్యత. ఈమధ్య కొన్ని ముఖ్యమైన బాటల్ని నగరమే శుభ్రం చేయిస్తోంది, మంచి పని. బస్సు కోసం నడిచే ముసలివాళ్లకీ, చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లకీ రోడ్డు కన్నా కాలిబాటే ముఖ్యం. నీటిగొట్టాల్ని నేల గడ్డకట్టని లోతున, నాలుగడుగులు దాటి పాతుతారు.

ఇన్ని జాగ్రత్తలున్నా ప్రాణాలు పోతాయి. 2022 క్రిస్మస్ వేళ అదే రాష్ట్రంలోని బఫలో నగరంలో మంచు తుపాను వచ్చింది. మంచుకి అలవాటుపడ్డ ఊరే. నలభై మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో చిక్కుకుని, కొందరు వేడి లేని ఇళ్లలో. సహాయానికి వెళ్లిన వాహనాలే మంచులో కూరుకుపోయాయి. ప్రయాణాలు మానమని ఊరు చెప్పిందంటే, పరీక్ష ఉన్నా సరే బయల్దేరకు.

కారు మంచులో ఇరుక్కుపోతే ఇంజను వేసి వెచ్చగా కూర్చోవాలనిపిస్తుంది. పొగగొట్టం మంచులో కూరుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వచ్చేస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలాగే ముంచుకొస్తుంది. ముందు దిగి గొట్టం చుట్టూ మంచు తవ్వు, తర్వాతే ఇంజను వెయ్యి, అదీ అప్పుడప్పుడు కాసేపే. ఇంటి హీటరు పొగ బయటికెళ్లే గొట్టాన్నీ అలాగే చూసుకోవాలి. మంచు మొదలవకముందే మీ వీధిలో ఫైరింజనుకి నీళ్లిచ్చే హైడ్రంట్ ఎక్కడుందో చూసిపెట్టుకో. రెండడుగులు పడ్డాక అది కనపడదు. మీ గదిలోవాళ్లందరూ వంతులు వేసుకుని దాని చుట్టూ మూడడుగుల మేర తవ్వి ఉంచండి.