వంటయింటి గోడలకు ఏ రంగు?

క్రొత్తగా అరలు, గట్టు, చిమ్నీ అమర్చుకొన్న వంటయింటికి రంగు వేయించుట చాలమంది ఇండ్లలో చివరి పని. వడ్రంగి వెళ్ళిన తరువాత, చేతిలోని డబ్బు అడుగంటిన తరువాత, దుకాణమువారిచ్చిన రంగుల పటమును ముందు పెట్టుకొని ఇంటిల్లిపాది కూర్చుందురు. పిల్లలొకటి చూపుదురు, ఇంటి యజమాని మరొకటి చూపును. దినమునకు నాలుగైదు గంటలు ఆ గదిలో నిలువవలసిన ఇల్లాలి మాట తరచుగా అందరి తరువాత వచ్చును. వంట చేయువారు ఎవరైనను సరే, మొదటి మాట వారిదే కావలెనని మా మనవి. ఎందువలననో ముందు ముందు తెలియగలదు.

వెనుకటి రోజులలో ఈ చిక్కు లేదు. కట్టెపొయ్యి ఉన్న వంటయింట ఏ రంగు వేసినను ఏడాది తిరుగకముందే మసి రంగొక్కటే మిగులును. సంక్రాంతికి ముందు బూజు దులిపి, సున్నములో కాస్త నీలిమందు కలిపి వెల్ల వేసెడివారు. అడుగున జేగురుతో పట్టె తీర్చెడివారు. ఆ నీలిమందులో కంటికి సంబంధించిన శాస్త్రమున్నది. సున్నపు తెలుపులో దాగిన కొద్దిపాటి పసుపు చాయను నీలము అణచివేయును. గోడ మరింత తెల్లగా తోచును. పుస్తకము చదువకయే మన పెద్దలు ఈ రహస్యమును వాడుకొన్నారు.

అరలన్నియు గోడకు అమర్చిన వంటయిల్లు మాత్రము ఇటీవలిది. దానికి మూలముగా చెప్పుకొనునది 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు గృహములకై మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అను ఆస్ట్రియా దేశపు వాస్తుశిల్పిని రూపొందించిన వంటగది. వెడల్పు రెండు మీటర్లు కూడ లేని ఆ ఇరుకు గది ఇంచుమించు 10,000 ఇండ్లలో వెలసినది. దాని అరలకు నీలము, ఆకుపచ్చ కలిసిన రంగు పూసిరి. ఈగలు నీలముపై వాలవని ఆనాటి పరిశోధకులు చెప్పిన మాట అందుకు కారణమట! మన ఈగలు ఆ నియమమును పాటించునని మేము పూచీపడజాలము. కాని రంగును అలంకారముగా గాక పనికి వచ్చు వస్తువుగా చూచిన ఆ దృష్టి మెచ్చదగినది.

రంగు ఎన్నుకొనుటకు ముందు, గదిలోనికి వెలుగు ఎటునుండి వచ్చుచున్నదో చూడవలెను. మన ఇండ్లలో వంటయిల్లు ఆగ్నేయ మూలను, పొయ్యి తూర్పు ముఖముగను ఉండుట ఆచారము. తూర్పు కిటికీ ఉన్న గదిలో ఉదయము ఏ రంగైనను అందముగనే ఉండును. చిక్కు సాయంకాలమున వచ్చును. పొద్దున వెచ్చగా నవ్విన గంధపు రంగు రాత్రి తెల్లని దీపము క్రింద పాలిపోయి కనిపించును. పడమటి కిటికీ గదికి అపరాహ్ణమున ఎర్రని వెలుగు పడును. అక్కడ కనకాంబరపు రంగో, ఇటుక రంగో వేసినచో వేసవిలో గది మండుచున్నట్లే తోచును. అట్టి గదికి లేత ఆకుపచ్చ, బూడిద కలిసిన తెలుపు హాయినిచ్చును. ఉత్తరపు వెలుగు నిలకడయైనది, కాని చల్లనిది. దానికి మీగడ రంగు, లేత పసుపు నప్పును. ఒక విశేషము: విజయవాడ వంటి ఊళ్ళలో ఇంచుమించు మే మొదటి వారము నుండి ఆగస్టు మొదటి వారము వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా ఉండును. కనుక ఆ నెలలలో ఉత్తరపు గదిని చూచి రంగు నిర్ణయించుకొన్నవారికి సంక్రాంతి నాటికి అదే రంగు వేరుగా కనబడిన ఆశ్చర్యము లేదు.

అపార్టుమెంట్లలో వంటయింటికి వెలుగు తరచుగా వెనుకనున్న గిన్నెలు తోము చోటు మీదుగా మాత్రమే వచ్చును. అక్కడ గోడ రంగు దీపమునకు తోడు కావలెను. మంచి తెలుపు తనపై పడిన వెలుగులో నూటికి 80 పాళ్ళకు పైగా తిరిగి ఇచ్చును. ముదురు నీలము, వంకాయ రంగు 10 పాళ్ళు ఇచ్చుటయే గొప్ప. చీకటి గదికి ముదురు రంగు వేసి, పగలు కూడ దీపము వెలిగించుకొనుట తెలివైన పని కాదు. దీపము డబ్బాపై కెల్విను అను కొలత ముద్రించియుండును. 2,700 అన్నచో పసుపు వెలుగు, 6,500 అన్నచో నీలపు చాయగల తెల్లని వెలుగు. దీపము మార్చినచో గోడ రంగు మారినట్లే. కనుక ముందు దీపము, తరువాత రంగు.

రెండవది, పొరుగు రంగు. ఫ్రాన్సులో గోబెలిన్ నేతశాలలో అద్దకపు శాఖకు అధిపతిగా ఉండిన షెవ్రయ్ అను రసాయనశాస్త్రజ్ఞునికి ఒక ఫిర్యాదు వచ్చినది: నల్లనూలు తగినంత నల్లగా లేదని. పరీక్షింపగా నూలులో దోషము లేదు. ప్రక్కనున్న రంగుల ప్రభావమే ఆ నలుపును పలుచన చేసినది. ఈ విషయమై 1839లో ఆయన పెద్ద గ్రంథమునే ప్రకటించెను. మన వంటయింట జరుగునది ఇదియే. ఎర్రని అరల ప్రక్కన బూడిద రంగు గోడ పచ్చచాయ కొట్టును. చీమకుర్తి నల్లరాతి గట్టు పైని లేత రంగు మరింత లేతగా తోచును. కడప రాయి గాని, తాండూరు బండ గాని ఉన్నచోట వాని బూడిద, నీలి చాయలను కూడ లెక్కలోనికి తీసికొనవలెను. అరలకును, గట్టునకును, నేలకును మార్చరాని రంగులున్నవి కావున గోడయే వానికి లొంగవలెను. పలకలు, అరలు పోగా మిగులు గోడ ఏపాటిది? చాల వంటయిండ్లలో రంగు పడు అన్నిటికంటె పెద్ద తలము పై కప్పు. దానిని మెరుపు లేని తెలుపుగా ఉంచుట అన్ని విధముల మేలు.

ఇక వంట చేయువారి కన్ను. 60 ఏండ్లవారి కంటి లోపలి పొరకు చేరు వెలుగు, 20 ఏండ్లవారికి చేరుదానిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే. కంటి కటకము వయసుతో పసుపుబారును. నీలిచాయల భేదము సరిగా తెలియదు. గోడ, గట్టు, నేల అన్నియు ఒకే గోధుమ రంగులో ఉన్న వంటయిల్లు పత్రికల బొమ్మలలో ముచ్చటగా ఉండును. కాని అత్తగారికి గట్టు అంచు ఎక్కడ ముగిసినదో తెలియక కాగిన నూనె మూకుడు అంచుపై పెట్టినచో? గట్టునకు, వెనుక గోడకు, నేలకు రంగులో స్పష్టమైన భేదముండవలెను. మొదటి మాట వంట చేయువారిదని చెప్పుటకు ఇది ముఖ్య కారణము.

పోపు చిటపటలు, పసుపు మరకలు తప్పవు. పసుపునకు రంగునిచ్చు కుర్కుమిను క్షారము తగిలిన ఎర్రబడును. పసుపు సున్నముతో పారాణి అగుట అందరెరిగినదే. క్రొత్తగా సున్నము వేసిన గోడపై పసుపునీరు పడినచో ఎర్రని మచ్చ ఏర్పడుటకు అదే హేతువు. ఎండ తగిలినచో ఆ రంగు క్రమముగా వెలిసిపోవును గాని, పొయ్యి వెనుక ఎండ ఎక్కడిది? అచ్చట పలకలు తప్ప రంగు పనికిరాదు. తక్కిన గోడకు కడుగుటకు వీలగు, కొద్ది మెరుపుగల ఎమల్షను మంచిది. పూర్తిగా మెరయు ఆయిల్ పెయింటు సులభముగా తుడువవచ్చును. కాని గోడ ఎగుడుదిగుడులన్నిటిని బయటపెట్టును, వెలుగు సోకని మూలలలో తెలుపు పసుపుబారును. డిస్టెంపరు చవుక, కాని నూనె మరకను విడువదు. క్రొత్త సిమెంటు పూతపై కనీసము 28 దినములు గడవనిదే ఏ రంగును వేయరాదు. వానాకాలములో మరికొంత ఆగవలెను.

పాత ఇంటిలో క్రొత్త వంటయిల్లు అమర్చుకొనువారికి ఒక గట్టి హెచ్చరిక. పాత తలుపుల, కిటికీల, గోడల ఆయిల్ పెయింటులో సీసము ఉండవచ్చును. ముఖ్యముగా ముదురు పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగులలో. మన దేశములో 2016లో చేసిన నియమములు ఇండ్ల రంగులలో సీసమును పది లక్షల భాగములకు 90 భాగములకు మించరాదని కట్టడి చేసినవి. అవి 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినవి. అంతకు ముందటి రంగును పొడిగా గీకినచో లేచు దుమ్ము గిన్నెలలో, పప్పు డబ్బాలలో, ప్రాకు పిల్లవాని చేతులపై చేరును. సీసము పిల్లల మెదడు ఎదుగుదలను చెరచును. ఆ నష్టము మరల పూడదు. అందుచేత గోడను తడిపి, తడి కాగితముతోనే రుద్దించవలెను. గర్భిణులను, పిల్లలను ఆ దినములలో ఇంటనుండి దూరముగా ఉంచవలెను. పని ముగిసిన పిదప చీపురు పట్టక తడిగుడ్డతో తుడువవలెను. పాత పూత ఊడక గట్టిగా ఉన్నచో గీకక దానిపైననే పూయుట క్షేమము.

రంగుల పటములోని చిన్న ముక్కను నమ్మరాదు. గోడనిండ పూసినప్పుడు అదే రంగు ముదురుగా తోచును. కావున నచ్చినదానికంటె ఒక మెట్టు లేతదానిని ఎన్నుకొనుట మేలు. చిన్న డబ్బా తెచ్చి, రెండడుగుల అట్టపై రెండు పూతలు వేసి, చుట్టును తెల్లని అంచు విడువవలెను. దానిని ఒకనాడు అరల ప్రక్కను, మరునాడు కిటికీ కెదురుగాను నిలిపి, కాఫీ వేళ, మిట్టమధ్యాహ్నము, రాత్రి వంట వేళ చూడవలెను. మూడు దినములైన తరువాత కూడ నచ్చినచో పనివానిని పిలువవచ్చును. ప్రైమరు, మొదటి పూత అరలు బిగింపకముందే వేయించి, చివరి పూతను బిగించిన తరువాతకు ఉంచుకొనవలెను. వడ్రంగి సుత్తి తగులని గోడ మేమింతవరకు చూడలేదు.

మిగిలిన రంగును పారవేయక చిన్న సీసాలో గట్టిగా మూతపెట్టి, దుకాణమువారు కలిపిన రంగు సంఖ్యను, తేదీని దానిపై వ్రాసి ఉంచినచో, పైయేడు ఉగాదికి పొయ్యి ప్రక్కనున్న మరకపై పూయుటకు సరిపోవును.