కారు నడపడం వచ్చినా డ్రైవింగ్ టెస్ట్ ఎందుకు పోతుంది?

లెర్నర్స్ వచ్చేసింది, డ్రైవింగ్ స్కూల్లో క్లాసులు కూడా అయిపోయాయి. మరి టెస్ట్ పాసవుతామా? ఫ్రెండ్స్ నన్ను తెగ అడుగుతున్నారు. ముందు నా కథ వినండి.

ఇరవై రోజులు నేర్చుకున్నా, ఇదో లెక్కా అనుకుని టెస్ట్‌కి వెళ్లాను. హెచ్ ట్రాక్‌లో రివర్స్ తీస్తూ పోల్‌కి తగిలించేశా. అంతే, అయిపోయింది.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే అర్థమైంది. ట్రైనింగ్ కార్లలో చాలావాటికి సార్ వైపు కూడా బ్రేక్, క్లచ్ ఉంటాయి. ఇన్నాళ్లూ బండి నేనే నడుపుతున్నా అనుకున్నాను గానీ, సగం నడిపింది సార్ కాలే! మన ల్యాప్‌టాప్‌లో చక్కగా రన్ అయిన కోడ్ ప్రొడక్షన్‌లో పడిపోతుంది చూడండి, అచ్చం అలాగే.

అందుకే ఈసారి మామయ్య కారు తీసుకుని, ముందూ వెనకా ఎల్ బోర్డు పెట్టి, ఖాళీ గ్రౌండ్‌కి వెళ్లాం. లైసెన్స్ ఉన్న మామయ్య పక్క సీట్లో కూర్చున్నాడు. లెర్నర్స్‌తో ఒంటరిగా నడపకూడదు, అది రూల్. అమ్మ దగ్గర ముగ్గుపిండి తీసుకెళ్లి హెచ్ గీశాం. మూలల్లో వాటర్ బాటిళ్లు పెట్టాం. మూడే మూడు ప్రాక్టీస్ చేశాను.

ఒకటి, హాఫ్ క్లచ్. ఫస్ట్ గేర్‌లో యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ మెల్లగా వదులుతూ మనిషి నడిచేంత స్పీడ్‌లో వెళ్లాలి. టెస్ట్‌లో చూసేది స్పీడ్ కాదు, కంట్రోల్.

రెండు, రివర్స్. స్టీరింగ్ ఎడమకి తిప్పితే బండి వెనక భాగం ఎడమకే వెళ్తుంది. కానీ ముందు భాగం కుడికి ఊగుతుంది. వెనక్కే చూస్తూ కూర్చుంటే ముందు మూల పోల్‌కి తగులుతుంది. నాకు జరిగింది అదే. వెనకా, రెండు అద్దాలూ, ముందు మూలలూ మార్చి మార్చి చూడాలి.

మూడు, ఎత్తు. హ్యాండ్ బ్రేక్ వేసి, క్లచ్ కొంచెం కొంచెం వదలండి. బండి కాస్త వణికి, ముందుకి లాగుతున్నట్టు అనిపించగానే కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి హ్యాండ్ బ్రేక్ దించండి. వెనక్కి జారదు.

ఇక రూల్స్. లెర్నర్స్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్ట్‌కి వెళ్లగలం. ఫెయిలైతే 7 రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లూ పోతే మాత్రం 60 రోజులు ఆగాలి, మళ్లీ ట్రైనింగ్ కూడా తీసుకోవాలి. టెస్ట్ రోజు లెర్నర్స్‌తో పాటు బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఎక్కగానే సీటు, అద్దాలు సరిచేసుకుని బెల్ట్ పెట్టుకోండి.

ఇంకో మాట. ఫెయిలైన రోజు గేటు బయట ఒకాయన "తమ్ముడూ, ఎందుకీ తిప్పలు? ట్రాక్ సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. నిజం చెప్తున్నా, ఒక్క నిమిషం మనసు లాగింది. కానీ వద్దనుకుని వచ్చేశాను. రెండోసారి పాసయ్యాను.

లైసెన్స్ వచ్చిన కొత్తలో మా వీధిలో రివర్స్ తీస్తున్నా. సైకిల్ మీద ఒక పిల్లాడు సడన్‌గా వెనక్కి వచ్చేశాడు. అద్దంలో చూశాను, కాలు దానంతటదే బ్రేక్ మీదికి వెళ్లింది. వాడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నాకు మాత్రం చేతులు వణికాయి. ఆ రోజు పక్క సీట్లో సార్ లేడు.

ట్రాక్ మీద పోల్ తగిలితే వారం ఆగితే చాలు. వీధిలో అలా కాదు కదా. ఈ ఆదివారమే ముగ్గుపిండి పట్టుకుని గ్రౌండ్‌కి వెళ్లండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!